వడ్లు మింగిన గోడ

చిన్నపోలయ్య గురించి ఎవుర్నడిగినా, నెల్లూరులో కరెంటు సామాన్ల అంగడి పెట్టినాడనీ, ముగ్గురు ఆడబిడ్డలకీ మంచి సంబంధాలు చేసినాడనీ చెప్తారు. సంబంధాలు ఎవురు చెయ్యరంటా? నేను చెప్పేది ఆయన అంగడి పెట్టకముందు, భుజాన గోనెసంచి తగిలించుకోని ఊరూరా వైరింగు చేసుకుంటా తిరిగేనాటి సంగతి. ఒక్క మధ్యాన్నం, పన్నెండు నించి నాలుగు దాకా. ఆ నాలుగు గంటల్లో ఆయన ఒక్క మాట జారుంటే మా ప్రమీలమ్మ ఇల్లు ఆ రోజుతో సరి. జారేదానికి ఆయనకి హక్కు కూడా ఉండింది. అదే ఈ రోజుకీ నా కడుపులో బాధ.

నా పేరు ఆదిశేషమ్మ. కొడవలూరు పక్కన చిన్న ఊరు మాది. ప్రమీలమ్మ, జయరామయ్య అని మొగుడూ పెళ్లాలు, ఇరవై ఎకరాల మాగాణి ఉండే రైతులు, వాళ్లింట్లో వంటా వార్పూ అంతా నాదే. పిల్లల్లేరు వాళ్లకి. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు. అననీ. నోరుండబట్టే ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు నెగ్గుకొచ్చినా.

అరవై నాలుగులో వాళ్లు కొత్తమిద్దె కట్టినారు. పెద్దహాలుని రెండు చెయ్యడానికి మధ్యలో ఇటుకగోడ లేపకుండా, ఏదో నెల్లూరు డాక్టరు ఇంట్లో చూసొచ్చి చెక్కగోడ పెట్టించినాడు జయరామయ్య. వరసగా నిలువు గుంజలు, వాటికి ఇటుపక్క పలకలు, అటుపక్క పలకలు. మధ్యలో బెత్తెడు సందు, బోలుగా. అటకెక్కి పైనించి తొంగి చూస్తే అడుగు దాకా చీకటి. దీపాలకి వైరింగు అప్పటికే ఉండింది. గోడకి ప్లగ్గులు పెట్టేదానికి ఆ మరుసటేడు, కోతలకి ముందు, చిన్నపోలయ్య వచ్చినాడు.

ముప్పై ఏళ్లుంటాయి అప్పటికి. నల్లగా, సన్నగా, మాట కొలిచి మాట్లాడే మనిషి. మైపాడులో వలలేసే ఇంటి బిడ్డ. తండ్రి పోలేరయ్య తెప్పతో సహా తుపానులో పోతే, తల్లి వీణ్ణి నీళ్లలోకి దిగనీకుండా నెల్లూరు పంపించి, జ్ఞానప్రకాశం అని ఒక మేస్త్రి దగ్గర పనికి పెట్టిందంట. "నీళ్లకి భయపడి నిప్పు పట్టుకున్నావేంది రా" అని వాళ్లూరోళ్లు ఎగతాళి చేస్తారని నాతో చెప్పి నవ్వినాడు. సముద్రం వదిలినా దాని పనితనం వదల్లేదు. సన్నదారానికి వలల కింద కట్టే సీసపు గుండు కట్టి, అటక మీంచి గోడ సందులోకి వదిలేవాడు. గుండు కిందికి జారి బొక్క దగ్గర తగిలితే దారాన్ని లాగి, దానెంబడే వైరు లాక్కునేవాడు.

దానికన్నా ముందు ఇంకో పని చేసేవాడు. వేళ్ల కణుపులతో గోడని తట్టుకుంటా, చెవి ఆనించి వింటా, ఆ చివర నించి ఈ చివర దాకా పోయేవాడు. నాకు చోద్యంగా ఉండి, "ఏంది నాయనా, గోడకి జొరమొచ్చిందా?" అన్నా.

"బోలుగోడ పలుకుతుందక్కా. ఖాళీ ఉండే చోట డుబ్బు డుబ్బు మంటది. గుంజ ఉండే చోట టక్ మంటది. గుంజ మీద బొక్క కొడితే గోడకి బలం పోతుంది" అన్నాడు.

నేనూ తట్టి చూసినా. నిజమే, డప్పు మాదిరి పలికింది.

మోకాటి ఎత్తున నాలుగు బొక్కలు కోసినాడు. వైరు కొసలు చుట్టబెట్టి లోపలికి తోసినాడు. ప్లగ్గు సామాను మద్రాసు నించి రాలేదని, ఒక్కో బొక్క మీదా పలక ముక్క పెట్టి నాలుగు మరలు బిగించినాడు. "సామాన్లొస్తే వస్తా" అని పోయినాడు. ఆ మూతలు కూడా అదే చెక్క, అదే రంగు. నాలుగురోజులకి అవి ఉండాయన్న సంగతే మేం మర్చిపోయినాం.

ఆ ఏడు లెవీ గట్టిగా పెట్టినారు. ఎకరాకి ఇన్ని బస్తాలని సర్కారుకి తోలాల. జయరామయ్య తోలినాడు, అబద్ధమెందుకు. కానీ పక్కూర్లో విత్తనాలు కూడా ఎత్తుకోని పోయినారని కబురొచ్చింది. ప్రమీలమ్మకి అన్నం దిగలా. "విత్తనం కూడా పోతే వచ్చే ఏడు ఏం నాటుకుంటాం, మట్టా?" అనింది. గాదెలో పెడితే చూస్తారు, పాతరలో పెడితే తవ్వుతారు. అప్పుడు ఆమె కళ్లు హాల్లో ఆ చెక్కగోడ మీద పడినాయి.

పోలేరమ్మ జాతర నాడు ఊరంతా అమ్మవారి కాడికి పోయింది. మేం తలుపులు బిగించుకున్నాం. జయరామయ్య కిందనించి గంపలు అందిస్తా ఉంటే, నేనూ ప్రమీలమ్మా అటక మీంచి పన్నెండు బస్తాల మొలగొలుకుల వడ్లు ఆ సందులో పోసినాం. విత్తనానికి ఏడు బస్తాలు చాలు. మిగిలిన ఐదూ ఎందుకని నన్నడగొద్దు. ఆశకి అడ్డేముంది? "గోడలకి చెవులుంటాయంటారు, మన గోడకి కడుపు కూడా ఉండాదే" అని నేను ఎకసెక్కం ఆడినా, ఇద్దరం నవ్వుకున్నాం. ఆ గోడకి బొక్కలుండాయే, వాటికి మూతలుండాయే, మూత తీస్తే వడ్లు జలజలా కారతాయే అని ముగ్గుర్లో ఒక్కరికి తోచుంటే ఒట్టు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్తా వినండి. అంకాలమ్మ అని ఒకామె, ఏటా కోతలయినాక ఎండు నెత్తళ్ల గంప నెత్తినబెట్టుకోని మైపాడు నించి నడుచుకుంటా మా దొడ్డిగుమ్మానికి వచ్చేది. రూపాయి అడగదు. చేపలు కొలిచి, వడ్లు కొలిపించుకోని పోతుంది. వాళ్లమ్మ నాటి నించీ ఉండే వాడుక. సముద్రం కాడ గింజ పండదు గదా, ఏడాదికి వాళ్లు తినే అన్నం మెతుకు మా గుమ్మాల నించే పోవాల. ఆ ఏడు మూడు తూర్లు వచ్చింది. మూడు తూర్లూ ప్రమీలమ్మ వంటింట్లోంచి కళ్లతో సైగ చేసింది. నోటితో అనింది నేను. "గింజ లేదు అంకాలమ్మా, అంతా లెవీకి పోయింది. మేమే జొన్నకూడు తింటా ఉండాం." మూడో తూరి ఆమె, "నూకలైనా లేవా తల్లీ?" అనింది. లేవన్నా. పొయ్యి మీద అన్నంకుండకి ముందే మూత పెట్టొచ్చినా.

ఆమె చిన్నపోలయ్య తల్లి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నా.

వైశాఖంలో, నిప్పులు చెరిగే ఎండలో, లెవీ ఆఫీసరు జీపు మా ఇంటి ముందు ఆగింది. గాదె చూసినాడు. దొడ్లో గడ్డివామి పొడిపించినాడు. మంచాల కింద కర్ర పెట్టి కెలికించినాడు. ఏమీ దొరకలా. దొరకలేదని ఆయనకి నమ్మకం కూడా కుదరలా, మొహంలో తెలస్తానే ఉండాది. జయరామయ్య కాళ్లావేళ్లా పడి భోజనానికి కూర్చోబెట్టినాడు. నాటుకోడి పులుసు వండినా. ఆయన తింటా, "అన్నం బాగుందమ్మా. ఈ బియ్యం ఎక్కడివి?" అన్నాడు. ప్రమీలమ్మ, "మీరొస్తారని పక్కింట్లో అప్పు తెచ్చినాం సార్" అనింది.

తిన్నాక నడుం వాల్చాలన్నాడు. హాల్లో మంచం వేసినాం, సరిగ్గా ఆ గోడ పక్కనే. జీపులోంచి టేబుల్ ఫ్యాను తెప్పించి, "ప్లగ్గు ఉందా?" అనడిగినాడు.

లేదంటే పోయేది గదా! మా జయరామయ్య ఉండాడే, గొప్ప చెప్పుకునే మాటొస్తే తల తాకట్టు పెట్టయినా చెప్తాడు. "నాలుగు పెట్టించినాం సార్, ఈ గోడకే. సామాన్లు రాలా గానీ వైర్లన్నీ లోపల రెడీగా ఉండాయి" అని, మోకాటి ఎత్తున మూత మీద వేలు పెట్టి చూపించినాడు. వేలు పెట్టినాక ఆయనకి వెలిగింది. మొహం సున్నం కొట్టినట్టయింది. నేను ప్రమీలమ్మని చూసినా, ప్రమీలమ్మ నన్ను చూసింది.

దేవుడనేవాడికి వేళాపాళా ఉండదు. అప్పుడే వాకిట్లో, "అమ్మా, మద్రాసు నించి ప్లగ్గులొచ్చినాయి" అని కేక వినపడింది. భుజాన గోనెసంచి, తలకి తువ్వాలు, చెమటలు కారుకుంటా చిన్నపోలయ్య.

"ఇప్పుడు కాదబ్బయ్యా, అయ్యగారు పడుకోవాల. రేపు రా" అని ప్రమీలమ్మ ఎదురెళ్లింది.

"నేను పడుకోవాలంటేనే కదమ్మా ఫ్యాను కావాలి? రానివ్వండి. రావయ్యా, ముందు ఈ మంచం దగ్గర ఒకటి పెట్టు" అన్నాడు ఆఫీసరు.

ఇంకేం చెప్తాం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చిన్నపోలయ్య వరండాలో బోర్డు కాడికి పోయి ఫీజు లాగి జేబులో వేసుకున్నాడు. వచ్చి గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన అలవాటు ఆయన్ది, కణుపులతో గోడని తట్టినాడు.

గోడ పలకలా.

ఇంకో తూరి తట్టినాడు. పక్కకి జరిగి తట్టినాడు. ఎక్కడ తట్టినా మట్టిదిబ్బని తట్టినట్టే ఉండాది. చెయ్యి ఆగిపోయింది. నిదానంగా తలెత్తి, పలకలు కాస్త ఉబ్బినట్టుండే చోటు చూసినాడు. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసినాడు.

ఆయనకి అంతా అర్థమైపోయింది. మూడు తూర్లు ఖాళీ గంపతో వాళ్లమ్మ ఇంటికి ఎందుకు తిరిగొచ్చిందో కూడా అర్థమైపోయింది. నేను కళ్లు దించుకున్నా. ఆ క్షణాన భూమి నోరు తెరిస్తే దూకేద్దును. ఒక్క మూత విప్పితే చాలు. ఆయన పని అదే గదా, విప్పమన్నది కూడా ఆఫీసరే. తప్పు ఆయన మీదకి రాదు.

"ఏంటయ్యా తట్టి చూస్తున్నావు?" అన్నాడు ఆఫీసరు మంచం మీంచి.

"గుంజ యాడుందో చూస్తా ఉండా సార్."

"బొక్కలు ముందే పెట్టావంట కదా. మూత విప్పి బిగించు, నిద్రొస్తోంది."

చిన్నపోలయ్య వీపు ఆయన వైపు తిప్పి, గోడకి మోకాళ్లు ఆనించి, సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక మర వదులు చేసినాడు. రెండోది వదులు చేసినాడు. మూత ఇంత సందిచ్చింది, అంతే, సన్నగా దారం మాదిరి వడ్లు కారినాయి. ఎడమచెయ్యి పట్టినాడు. అరచెయ్యి నిండింది. సంచిలో పోస్తే ఇనపసామాన్ల మీద గలగల మంటది. కింద వదిలితే గచ్చు మీద పరుగులెత్తుతాయి. ఏం చేసినాడో తెలుసా? నోట్లో పోసుకున్నాడు.

గోడలో పైన సర్‌మని వడ్లు కుంగిన చప్పుడైంది.

ఆఫీసరు మోచేతి మీద లేచినాడు. "ఏంటా శబ్దం?"

నా బుద్ధి గడ్డి తిన్నది. "ఎలకలు సార్" అన్నా.

"ఎలకలా?" అని ఆయన నవ్వినాడు. "గింజ లేని ఇంట్లో ఎలకలకేం పనమ్మా?"

జయరామయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటానే ఉండాడు, చెమట ఆగలా. ప్రమీలమ్మ పెదాలు కదుల్తా ఉండాయి, ఏ దేవుడికి మొక్కుకుంటా ఉండాదో. ఆఫీసరు కాళ్లు కిందికి దించినాడు.

"ఎలకలు గాదు సార్, నేనే. వైరు లాగతా ఉండా" అన్నాడు చిన్నపోలయ్య, నోటినిండా వడ్లతో ముద్దగా. అంటానే సందులోంచి వైరు కొస పట్టి లాగినాడు. అదే చప్పుడు, సర్ సర్ మని.

"నోట్లో ఏంటి?"

"వక్క సార్."

"నా ముందర నములుతావా? పోయి ఊసిరా."

లేస్తే మూత మీద చెయ్యి వదలాల. వదిల్తే గోడ కక్కేస్తది. చిన్నపోలయ్య లేవలా. మింగినాడు. పొట్టుతో సహా, గుచ్చుకునే మొనలతో సహా, పిడికెడు వడ్లు. గొంతులో ఎముక పైకీ కిందికీ పోతా ఉంటే, కళ్లలోంచి నీళ్లు కారినాయి. నేను చూడలేక చూస్తా నిలబడినా. "అయిపోయింది సార్" అన్నాడు, గొంతు గీసుకుపోయి.

ఆఫీసరు మళ్లీ పడుకున్నాడు గానీ కళ్లు మూయలా.

చిన్నపోలయ్య తలగుడ్డ లాగినాడు. పై మరలు కూడా వదులు చేసి, మూతని పక్కకి జరుపుతానే ఆ సందులో గుడ్డని కుక్కినాడు. ఇంత జరిపి అంత కుక్కి, ఇంకాస్త జరిపి ఇంకాస్త కుక్కి, మూత వచ్చేసరికి బొక్కకి గుడ్డ బిరడా అయింది. ఒళ్లంతా అడ్డం పెట్టుకోని చేసినాడు. నాలుగ్గింజలు కిందపడితే తొడ కింద అదుముకున్నాడు. గుడ్డ అంచున వైరు కొసలు బయటికి లాగి ప్లగ్గుకి తగిలించినాడు. ఒక చెయ్యి గుడ్డ మీదే అదిమిపెట్టి, ఒంటిచేత్తోనే తీగ మరలు తిప్పినాడు. ప్లగ్గు చెక్కని బొక్క మీద పెట్టి మరలు బిగించి, తొడ కింద గింజలు పిడికిట్లోకి ఏరుకోని, పోయి ఫీజు పెట్టొచ్చినాడు. ఫ్యాను తిరిగింది.

అయిపోయిందనుకున్నా. "ఇంక పో నాయనా" అని సైగ చేసినా. ఆయన పోలా. గోడకి చెయ్యి ఆనించి అక్కడే కూర్చున్నాడు.

"ఇంకా ఏంటి?" అన్నాడు ఆఫీసరు.

"కొత్త కనెక్షను సార్, కాసేపు చూసుకోని పోతా."

ఆఫీసరు గురక పెట్టినాక నేను మంచినీళ్ల చెంబు తీసుకోని పక్కన కూర్చున్నా. గొంతు తడుపుకోని, పెదాలు కదిలీ కదలకుండా చెప్పినాడు. "అక్కా, వడ్ల మధ్యన కరెంటు తీగ. వైరు కొసని ప్లగ్గుకి గట్టిగా బిగించేదానికి నాకు చెయ్యాడలా. వదులుంటే లోపల నిప్పురవ్వ లేస్తది. ఊకకి మంట కనపడదు, పొగ కూడా ఆలస్యంగా వస్తది, లోపల్లోపలే రగులుకుంటా పోతది. చేతికి వేడి తగిలితే ఫీజు లాగాల. లాగితే ఫ్యాను ఆగతది. ఆగితే ఆయన లేస్తాడు. లేస్తే మూత విప్పి చూడమంటాడు."

"లాగకపోతే?"

"ఇల్లు పోతది. ఆయన మంచం గూడా గోడ పక్కనే గదా."

రెండయింది. మూడయింది. ఫ్యాను అటు తిరుగుద్ది, ఇటు తిరుగుద్ది. చిన్నపోలయ్య అరచెయ్యి గోడ మీంచి తియ్యలా. కాసేపటికి ఒక చెయ్యి, కాసేపటికి ఇంకో చెయ్యి. నేను ప్రాణాలు పిడికిట్లో పెట్టుకోని ఎదురుగ్గా కూర్చున్నా. మూడు దాటినాక ఆయన మొహం మారింది. నన్ను రమ్మని సైగ చేసినాడు. "నా చేతి వేడో, గోడ వేడో తెలీడం లేదు. నువ్వు చూడు."

నేను చెంప ఆనించినా. వెచ్చగా ఉండాది. అప్పుడే పాలు కాచి దించిన గిన్నె మాదిరి. నా మొహం చూసి ఆయనకి తెలిసిపోయింది.

"ఫీజు లాగు" అన్నా. "ఆయన సంగతి నాకొదిలెయ్యి."

వంటింట్లోకి పోయి నీళ్లున్న ఇత్తడి బిందె చంకనెత్తుకున్నా. ఆయన వరండాలోకి అడుగు పెట్టడం, నేను మంచం కాలికాడ బిందె వదలడం ఒకటే తూరి. ఇల్లంతా దద్దరిల్లింది. ఆఫీసరు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు, మంచం, పంచె, కాళ్లు అన్నీ తడిసినాయి.

"నీకు కళ్లు కనపడవా?" అని అరిచినాడు.

"దారికి అడ్డంగా మంచమేసుకుంటే బిందె ఎట్టా మోసేది సార్? నేనేమన్నా గాలిలో ఎగరాల్నా?" అని నేనూ అరిచినా. జన్మలో ఏ ఆఫీసరుతోనూ అట్టా మాట్లాడలా. ప్రమీలమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను చెడామడా తిట్టింది, జయరామయ్య పొడిపంచె తెచ్చినాడు, కాఫీ తెచ్చినాం. ఆ గందరగోళంలో ఫ్యాను ఎవురాపినారని ఆయనకి తట్టలా. తడిసిన పంచె మీద కోపంతో, కాఫీ సగం తాగి, జీపెక్కి పోయినాడు.

జీపు మలుపు తిరిగినాక మూత విప్పినాం. వడ్లు కుండపోతగా కారినాయి, ఎవురూ పట్టుకోలా. గుడ్డ అంచు నల్లగా కాలుంది. దాని వెనక దోసెడు వడ్లు మాడి బొగ్గయినాయి, మధ్యలో ఎర్రగా నిప్పుకణిక ఇంకా ఉండాది. చిన్నపోలయ్య దాన్ని చేత్తోనే బయటికి లాగి నీళ్లలో పడేసినాడు. మిగిలిన మూడు బొక్కల వైర్లు అటక మీంచే కోసేసి, "ఈ గోడ ఖాళీ అయిందాకా దీనికి కరెంటు వద్దు" అన్నాడు.

ప్రమీలమ్మ ఆయన చేతులు పట్టుకోని ఏడ్చింది. "ఒక బస్తా తీసుకుపో నాయనా, రెండు తీసుకుపో."

"దారి పొడుగునా చెకింగ్ ఉండాది తల్లీ. యాడివని అడిగితే ఏం చెప్పమంటారు?" అన్నాడు. కోపం లేదు గొంతులో. అదే నన్ను కోసింది.

వాకిలి దాటినాక వెనకే పరిగెత్తినా. "ఎందుకు కాపాడినావు మమ్మల్ని? మీ అమ్మకి గింజ లేదన్నది నేనే."

"తెలుసు" అన్నాడు. అప్పుడొచ్చింది కోపం. "మీ కోసమా చేసింది? లెవీ లారీ వచ్చి ఎత్తుకోని పోతే మా అమ్మ గంపలో ఒక్క గింజ పడతదా? విత్తనం పోయి మీ చేలు బీడు పడితే, వచ్చే ఏడు ఆమె ఎవురి గుమ్మం ముందు నిలబడాల? రెండు నెలలుగా చేపలు తిని నీళ్లు తాగతా ఉండాది అక్కా, ఆ ముసిల్ది. ఉడకేసిన చేప, ఉప్పు, నీళ్లు." గొంతు పట్టేసి దగ్గు వచ్చింది. దగ్గు ఆగినాక అన్నాడు, "శుక్రవారం పంపిస్తా. కొలిచి పొయ్యి. ధర్మమంటే తీసుకోదు. ఇంకేమీ చెప్పబాకు ఆమెకి."

శుక్రవారం అంకాలమ్మ వచ్చింది. మనిషి సగమైపోయింది, గంప కింద మెడ నరాలు లేచి కనపడతా ఉండాయి. దొడ్డిగుమ్మం కాడ గంప దించి, "చిట్టమూరు నించి మీ చుట్టాలు వడ్లు పంపినారంట గదా, మావోడు చెప్పినాడు" అనింది. చుట్టాల మాట ఆయన కల్పించి చెప్పిందే. మా పరువు కూడా ఆయనే కాపాడినాడు.

ప్రమీలమ్మ ఈ తూరి తానే గుమ్మంలోకి వచ్చి, "ఆరు మానికలు పొయ్యి" అనింది. పోసినా. అంకాలమ్మ చూసుకోని, రెండు మానికలు వెనక్కి వంచేసింది. "ఈ నెత్తళ్లకి నాలుగే వస్తాయి తల్లీ. మీకే అంతంతమాత్రం, నాకు జాస్తి ఎందుకు?"

వడ్లు కొంగుకి మూటకట్టుకోని, గంప అడుగునించి తాటాకు పొట్లం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. ఉప్పు పట్టించిన వంజరం చేప ముక్కలు, నాలుగు.

"ఇది కొలతలోది గాదు, మీకే" అనింది. "ఇన్నాళ్లూ మీరు గూడా జొన్నకూడు తిన్నారు గదా. మా ఇంట్లో చేపన్నా ఉండాది, వీళ్లకి అది గూడా లేదే అని మూడు తూర్లూ దారిపొడుగునా నీ గురించే అనుకుంటా పోయినా ఆదిశేషమ్మా. లేదని చెప్పేటప్పుడు నీ మొహం ఎంత చిన్నబోయిందో నాకు తెలీదా? పెట్టే చేతికి లేదని చెప్పడం ఎంత కష్టం!"

ప్రమీలమ్మ లోపలికి పోయింది. నేను ఆ పొట్లం పట్టుకోని నిలబడినా. వద్దందామనే అనుకున్నా. వద్దంటే ఎందుకో చెప్పాల. తీసుకున్నా.